మూడు నిద్రల ఊరు

పీతలరేవులో గాలికి ఎగరనిదంటూ ఏదైనా ఉంటే అది నూకరత్నం అత్తగారి నోరు ఒక్కటే. మిగతావన్నీ ఏదో ఒక తుఫానులో ఎగిరినవే. నూకరత్నం పాక అయితే ఎన్నిసార్లు ఎగిరిందో ఆవిడకే గుర్తు లేదు.

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, పంటు వచ్చి ఆగే రేవుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది ఆ పాక. నాలుగు తాటి గుంజలు, పైన తాటాకు కప్పు. లోపల ఒక మట్టిపొయ్యి, ఒక పెనం, ఒక బల్ల, అత్తగారు పోలమ్మ మంచం. పంటు దిగినవాళ్ళు అట్టు తిని ఊళ్ళోకి వెళతారు. ఎక్కేవాళ్ళు అట్టు తిని ఎక్కుతారు. రెండు పడవల మీద బల్లలు పరిచిన ఆ పంటు నిండితే గాని కదలదు. అది నిండేలోగా ఎదురుచూసే వాళ్ళకు విసుగు పుట్టి రెండో అట్టు కూడా తింటారు. నూకరత్నం బతుకంతా ఆ రెండో అట్టు మీదే నడుస్తోంది.

గాలి గట్టిగా వీచినప్పుడు పాక కప్పు లేచి పాయలో పడేది. పడి, బోర్లించిన పడవలా తేలుకుంటూ అవతలి గట్టున ఉన్న కొత్తలంకకు చేరేది. రెండు గట్ల వాళ్ళకూ తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. నీళ్ళ మీద కొట్టుకొచ్చిన కప్పు చుట్టంతో సమానం. దాన్ని విప్పకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త అల్లుడు అత్తారింట్లో చేసినట్టే దాని చేత మూడు నిద్రలు చేయించి, ఆ మర్నాడు పొద్దున్నే పంటు ఎక్కించి పంపించాలి. కప్పు తిరిగొచ్చిన రోజున నూకరత్నం పంటు మీద వచ్చిన వాళ్ళందరికీ అట్లు ఊరికే వేసేది.

అలాంటి పాక గుంజకు ఒక మంగళవారం నోటీసు అంటించారు.

"ఏటి రాసేరే అందులో?" అంది పోలమ్మ మంచం మీంచి.

నూకరత్నం కూడబలుక్కుని చదివింది. "మన పాక శాశ్వత నిర్మాణమంటత్తా."

"ఆ ముక్క మీ మావ ఉన్నప్పుడు సెప్పుంటే ఎంత సంబరపడేవోడో!" అంది పోలమ్మ.

నోటీసు అంటించిన పెద్దమనిషి అక్కడే గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. ఆయన పేరు పరాంకుశంగారు. తీరవిహార ప్రాధికార సంస్థలో ప్రాజెక్టు అధికారి. ఆ సంస్థ పెద్దలెవరో ఆ మధ్య ఒక చల్లటి దేశం వెళ్ళి, అక్కడి జనం కారు వెనక ఇల్లు తగిలించుకుని సముద్రపు ఒడ్డుకు రావడం చూశారట. రేవు పక్కన ఆ ఇల్లు ఆపుకుని, ఓ రాత్రి పడుకుని, పొద్దున్నే మళ్ళీ లాక్కుని వెళ్ళిపోతారట. వెళ్ళిపోవడమే ఆ ఇంటి గొప్ప. పెద్దలకు అది ఎంతో నచ్చింది. అంతవరకూ ఎవరికీ అక్కర్లేని పీతలరేవు సరుగుడు తోట ఆ క్షణం నుంచి 'సంచార గృహ విహార వనం' అయిపోయింది. ఇసుకలో సున్నంతో గీతలు గీసి స్థలాలు విడగొట్టారు. ఒక్కో స్థలానికి ఒక్కో కొళాయి, ఒక్కో కరెంటు దీపం పెట్టారు. మధ్యలో పరాంకుశంగారికి స్లాబు వేసిన ఆఫీసు కట్టారు.

"చూడమ్మా, ఈ ప్రాంతము సుందర తీరముగా ప్రకటించబడినది. ఇందు శాశ్వత నిర్మాణములు నిషిద్ధము. శుక్రవారం లోపల తమరు తొలగవలెను" అన్నారు పరాంకుశంగారు.

"తొలిగి ఎక్కడికెల్లమంటారండీ?"

"ఆ అంశము మా పరిధిలోనిది కాదు."

"శాశ్వతమంటే ఇదేనాండీ? పెద్ద గాలొస్తే అదే ఎల్లిపోద్దండి బాబూ. కాస్త అందాకా ఆగండి."

"ప్రకృతి వైపరీత్యముల ద్వారా తొలగింపునకు మా నిబంధనలలో వెసులుబాటు లేదమ్మా" అన్నారాయన నిజంగానే బాధపడుతూ.

పరాంకుశంగారు చెడ్డవారు కారు. కాగితం మీద లేని మంచి ఎలా చేయాలో ఆయనకు తెలియదు, అంతే.

ఆ మర్నాడే మొదటి సంచార గృహం వచ్చింది. హైదరాబాదు నుంచి భార్యాభర్తలు. పెద్ద కారు, దాని వెనక తెల్లగా మెరిసే ఇల్లు. పంటు నడిపే సరంగు ఏసోబు అవతలి గట్టున దాన్ని చూసి తలగోక్కున్నాడు.

"బాబుగారూ, ముందు ఇల్లు ఎక్కించి తరవాత కారు ఎక్కించాలండి. కారు ముందెక్కితే మీ ఇల్లు ఏట్లోకి తొంగి సూత్తాదండి."

చివరికి ఇంటిని కారు నుంచి విప్పి, పంటు మీద గేదెల్ని ఓ పక్కకు తోలి, జనమంతా కలిసి దాన్ని తోశారు. ఈ గట్టున మళ్ళీ అందరూ కలిసి లాగారు. పరాంకుశంగారు నిబంధనల ప్రకారం ఆ దంపతులకు చెరొక కొబ్బరిబొండం, చెరొక తాటాకు టోపీ ఇచ్చి స్వాగతం పలికారు.

సాయంత్రం హైదరాబాదు ఆవిడ నూకరత్నం దగ్గర అట్లు తిని, "మా ఇల్లు చూద్దువుగాని రా అమ్మా" అని పిలిచింది. నూకరత్నం కాళ్ళు కడుక్కుని మరీ లోపలికి వెళ్ళింది. ఒక పొయ్యి ఉంది. ఒక మంచం ఉంది. తినడానికి ఒక బల్ల. మూల ఒక చీపురు. నెత్తి మీద కప్పు. నూకరత్నం ఆ మూల నుంచి ఈ మూలకు చూసింది. చూడడానికి రెండడుగులు కూడా వెయ్యక్కర్లేకపోయింది.

"ఏమ్మా, బాగుందా?"

"అచ్చం మా పాకేనండి. కాపోతే దీనికి కింద సెక్రాలున్నాయి" అంది నూకరత్నం.

ఆ రాత్రి పీతలరేవు దోమలు హైదరాబాదు వాళ్ళను సొంత మనుషుల్లా చూసుకున్నాయి. తెల్లారేసరికి వాళ్ళు ఇంటితో సహా వెళ్ళిపోయారు. విహార వనం మళ్ళీ ఖాళీ. నూకరత్నం అట్ల పిండి అత్తగారికి అప్పజెప్పి తిన్నగా స్లాబు ఆఫీసుకు వెళ్ళింది.

"బాబుగారూ, సెక్రాలుంటే ఉండనిత్తారాండీ?"

పరాంకుశంగారు విధాన పత్రం తెరిచి, కళ్ళజోడు సర్దుకుని చదివారు. "సంచార గృహము అనగా చక్రములు గలిగి, లాగుటకు కొక్కెము గలిగి, మనిషి శయనించుటకు వీలగు ఏ వస్తువైనను."

"ఏ వస్తువైనానాండీ?"

"ఏ వస్తువైనను. నిర్వచనము విశాలముగా ఉండవలెనని పైవారి అభిలాష."

నూకరత్నం దండం పెట్టి వచ్చేసింది. ఏసోబు బావమరిది దొడ్లో పాత టైరు బండి ఒకటి ఎద్దులు లేక పడి ఉంది. దాన్ని రేవుకు తోలుకొచ్చారు. కప్పు ఎత్తడం పీతలరేవు మగాళ్ళకు కొత్త కాదు. ఎన్నిసార్లు ఎగిరిందో అన్నిసార్లు ఎత్తిన వాళ్ళే. అందరూ కలిసి ఓ కేక వేసి, కప్పు పైకెత్తి, గుంజలు బండికి బిగించి, దాని మీద దించారు. పొయ్యి కింద మట్టి పరిచారు. మంచం ఎక్కించే దగ్గర మాత్రం కాస్త పేచీ వచ్చింది.

"నువ్వు దిగత్తా, మంచం ఎక్కించాక ఎక్కుదువుగాని."

"నా పెళ్ళయినప్పుడు ఎక్కిన మంచమిది. నేను దిగను. ఎత్తితే ఇద్దరినీ ఎత్తండి" అంది పోలమ్మ. ఇద్దరినీ ఎత్తారు.

శుక్రవారం పరాంకుశంగారు ట్రాక్టరుతో, ఇద్దరు పోలీసులతో వచ్చేసరికి పాక ఉన్నచోటే ఉంది. కాకపోతే మూరెడు ఎత్తు పెరిగింది. ఆయన దాని చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగారు. వంగి కిందికి చూశారు.

"చక్రములు గలవు" అన్నారు తనలో తాను. "కొక్కెము?"

ముందు వైపు పాత పడవ లంగరు ఒకటి తాడుతో కట్టి ఉంది. ఏసోబు దాన్ని ఊపి చూపించాడు.

"శయనించుటకు వీలు?"

"శయనించే ఉన్నాను బాబూ. కాస్త మెల్లిగా అరవండి" అంది పోలమ్మ లోపల నుంచి.

పోలీసులు నవ్వారు గానీ పరాంకుశంగారు నవ్వలేదు. నియమం ప్రకారం అన్నీ ఉన్నాయి. పైగా ఆయన కష్టం ఆయనకు ఉంది. విహార వనం ఎంత నిండిందో పైవాళ్ళు రోజూ ఫోను చేసి అడుగుతున్నారు. మొన్న 'ఒకటి' అన్నారు. నిన్నటి నుంచి ఏమీ లేదు. ఆయన ట్రాక్టరును వెనక్కి పంపేసి, నూకరత్నం పాకకు రేవుకెదురుగా ఉన్న మొదటి స్థలం కేటాయించారు. సున్నపు గీతను పాక చుట్టూ తిప్పి మళ్ళీ గీయించారు. అత్తాకోడళ్ళకు చెరొక బొండం, చెరొక టోపీ ఇచ్చి, "విహార వనమునకు సుస్వాగతం. ప్రయాణము సుఖముగా సాగినదా?" అని అడిగారు.

"మూరెడు పైకొచ్చాం బాబూ. ఎక్కడా కుదుపు లేదు" అంది పోలమ్మ. ఆ టోపీ ఆవిడకు భలే కుదిరింది. ఇక తీయలేదు.

సాయంత్రానికి పాకలో కరెంటు దీపం వెలిగింది. వాకిట్లో కొళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి. ఊరంతా వచ్చి నిలబడి చూసింది. పీతలరేవుకు ఇంటింటికీ కొళాయి ఇస్తామని ఊళ్ళో కుర్రాళ్ళు పుట్టకముందు నుంచీ చెబుతూనే ఉన్నారు. మనుషులకు రాని కొళాయి చక్రాలకు ఒక్కరోజులో వచ్చేసింది.

ఇక ఎవరు ఆగుతారు? చేపల పెట్టెలు తోసే బళ్ళు, విరిగిన ట్రాక్టరు తొట్లు, అటకెక్కిన సైకిళ్ళ చక్రాలు, ఏవి దొరికితే అవి ఇళ్ళ కిందకు వెళ్ళాయి. ఒకాయన తన నాటుపడవకు నాలుగు చక్రాలు తగిలించి అందులో పక్క వేసుకున్నాడు. చివరికి రామకోవెల పూజారిగారు కూడా ఉత్తరీయం సర్దుకుంటూ వచ్చారు.

"మా రథానికి చక్రాలున్నాయి. లాగడానికి తాళ్ళున్నాయి. స్వామికి నిత్యం పవళింపు సేవ జరుగుతుంది. మరి కొళాయి మాటేమిటి?"

పరాంకుశంగారు విధాన పత్రం మళ్ళీ తెరిచారు. నిర్వచనంలో 'మనిషి' అని ఉంది. కానీ రాముడు మానవావతారం కదా అని పూజారిగారు గుర్తు చేశారు. అప్పుడు ఆయన ఒప్పుకుని, సీతారామలక్ష్మణులను ముగ్గురు పర్యాటకులుగా రాసుకున్నారు. హనుమంతులవారు నిద్రపోరు కనుక ఆయన్ని లెక్కలోకి తీసుకోలేదు.

విహార వనం నిండిపోయింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఊరు మాత్రం ఎక్కడికీ కదలలేదు. అదే ముప్పు తెచ్చింది. నెల తిరిగేసరికి ఆ సంస్థ డైరెక్టరుగారి దగ్గర నుంచి సర్క్యులర్ వచ్చింది. పరాంకుశంగారు దాన్ని మైకులో చదివి వినిపించారు.

"ఏ పర్యాటకుడైనను మూడు రాత్రులకు మించి ఒకే చోట బస చేసినచో, అతడు పర్యాటకుడు కాడు, ఆక్రమణదారుడు. కావున మూడు రాత్రుల అనంతరము ఎల్లరును జిల్లా సరిహద్దు దాటి, పిమ్మట మాత్రమే పునఃప్రవేశము చేయవలెను."

జనం గొల్లుమన్నారు. పోలమ్మ మాత్రం టోపీ సర్దుకుని తాపీగా అంది. "ఇందులో గోలెందుకురా? కొత్త అల్లుడికైనా మూడు నిద్రలేగా! గవర్నమెంటు అత్తారిల్లు అనుకోండి."

జిల్లా సరిహద్దు ఎంతో దూరం లేదు. పాయకు అవతలి గట్టు వేరే జిల్లా.

అలా పీతలరేవు కదలడం మొదలుపెట్టింది. మూడు నిద్రలు కాగానే ఆ పొద్దున్నే ఇళ్ళన్నీ వరసగా రేవుకు వచ్చేవి. ఏసోబుకు ఇంత ఆనందం ఎప్పుడూ లేదు. పంటు నిండేదాకా కూర్చునే పనే లేకుండా పోయింది.

"రత్నమక్కా, ముందు నీ ఇల్లు ఎక్కించు. పొయ్యి ఆర్పేవా? మొన్న మీ వెనకింటోళ్ళ పొగకి నాకు గట్టు కనపళ్ళేదు."

మొదటిసారి దాటినప్పుడు పాయ మధ్యలో గాలి తిరిగింది. పంటు ఓ పక్కకు ఒరిగింది. పెనం బల్ల మీంచి జారి పోలమ్మ మంచం కిందకు పోయింది. నూకరత్నం రెండు చేతులతో గుంజ పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళలో ఎగిరిన కప్పు కోసం ఒడ్డున నిలబడి ఏడ్చింది గాని, కప్పుతో పాటు నీళ్ళ మీదకు రావడం ఆవిడకు ఇదే మొదలు. "ఎంత బాగుందే రత్నం! మన కప్పుకి ఇంత షికారు దొరికేదన్నమాట!" అంది పోలమ్మ.

అవతలి గట్టున కొత్తలంక ఆడవాళ్ళు పసుపు గిన్నెలతో సిద్ధంగా ఉన్నారు. నీళ్ళ మీద వచ్చిన కప్పు చుట్టం కదా. ఈసారి కప్పుతో పాటు గుంజలూ పొయ్యీ ముసలమ్మా కూడా వచ్చారు. కట్టుబాటు ప్రకారం మూడు నిద్రలు చేయాల్సిందేనని వాళ్ళు పట్టుబట్టారు.

"వద్దు వదినా. ఈసారికి బొట్టు పెట్టి పంపెయ్యండి. గవర్నమెంటు నిద్రలు వేరు, మన నిద్రలు వేరు" అని నూకరత్నం బతిమాలింది. ప్రతి ఇంటికీ బొట్టు పెట్టించుకుని అదే పంటు మీద వెనక్కు వచ్చేసరికి, ఈ గట్టున పరాంకుశంగారు బొండాల గుట్ట పక్కన నిలబడి, "పొరుగు జిల్లా పర్యాటకులకు సుస్వాగతం!" అన్నారు.

ఇలా కొన్నాళ్ళు గడిచేసరికి తీరం పొడుగునా ఏ విహార వనానికీ రానంతమంది పర్యాటకులు పీతలరేవుకు వచ్చినట్టు తేలింది. ఊళ్ళో బొండాలు అయిపోతే పక్క ఊళ్ళ నుంచి తెప్పించారు. టోపీలు ఎక్కువై కోళ్ళగూళ్ళ మీద కప్పారు. ఈ ఏటి ఉత్తమ విహార వనం బిరుదు పీతలరేవుకే అని, డైరెక్టరుగారు స్వయంగా వచ్చి ఇస్తారని కబురొచ్చింది.

ఆ కబురు వచ్చిన రోజు నుంచి పరాంకుశంగారు అన్నీ కట్టుదిట్టంగా చూడడం మొదలుపెట్టారు. ముందుగా నూకరత్నం పొయ్యి ఆయన కంట్లో పడింది.

"అమ్మా, ఏమిటిది? తమరు అట్లు అమ్ముచున్నారా?"

"ఎప్పట్నుంచో అమ్ముతున్నానండి. మీరూ తిన్నారు కదండీ."

"అది పూర్వము. ఇప్పుడు తమరు పర్యాటకులు. పర్యాటకుడు కొనవలెను, తినవలెను. అమ్మరాదు."

"మరి వండుకోవచ్చాండి?"

"స్వీయ వినియోగమునకు అభ్యంతరము లేదు."

"అయితే నేను పర్యాటకురాలిని కాదండి. ఈ ఊరిదాన్నేనండి. అమ్ముకోనివ్వండి."

"ఈ ఊరివారైనచో తమది శాశ్వత నిర్మాణమగును. తొలగవలెను." ఆయన గొంతు కూడా కాస్త తగ్గింది. "నేనేమి చేయగలను? రెండింటిలో ఏదో ఒకటే కావలెను కదా."

ఆ రోజు నుంచి నూకరత్నం రెండే అట్లు వేసింది. అత్తకొకటి, తనకొకటి. పంటు కోసం నిలబడ్డ వాళ్ళు వాసన పీలుస్తూ పెనం వైపు చూసేవారు. నూకరత్నం వాళ్ళ వైపు చూడలేక వీపు తిప్పి కూర్చుని తినేది. ఎదురుగా నిలబడ్డ మనిషికి పెట్టకుండా తినడం పుట్టి బుద్ధెరిగాక ఆవిడకు అదే మొదటిసారి. పాక నిలిచింది. కరెంటుంది, కొళాయుంది. కానీ పొద్దున్నే లేచి ఎవరి కోసం పిండి రుబ్బాలో తెలియని పాక అది. గాలికి ఎగిరిపోయినప్పుడు కూడా అది ఇంత ఖాళీగా అనిపించలేదు.

"ఏటే అలా కూకున్నావు?" అంది పోలమ్మ.

"ఏం లేదత్తా. ఈ ఇల్లు ఎక్కడికైనా ఎల్తాది గాని, నేనే ఎక్కడికీ ఎల్లలేకపోతన్నాను."

పోలమ్మ దగ్గర ప్రతిదానికీ మాట ఉంటుంది. ఆ రోజు మాత్రం టోపీ ముఖం మీదకు లాక్కుని అటు తిరిగి పడుకుంది.

బిరుదు ఇచ్చే రోజు వచ్చింది. డైరెక్టరుగారు పంటు మీద వచ్చారు. అవతలి గట్టున గంటసేపు పంటు నిండేదాకా కూర్చున్నారేమో, దిగేసరికి ఆకలి మీద ఉన్నారు. సరుగుడు చెట్ల కింద వరసగా నిలబడ్డ ఇళ్ళను, పడవను, రథాన్ని చూసి ముగ్ధులయ్యారు. అందరూ టోపీలు పెట్టుకుని చేతులు జోడించారు.

"అద్భుతం! మరి స్థానికులు ఎక్కడ? వారి ఆచారాలు, వారి వంటకాలు పర్యాటకులకు పరిచయం చేస్తున్నారు కదా?"

పరాంకుశంగారు గొంతు సవరించుకున్నారు. "ప్రస్తుతము స్థానికులు ఎవరూ లేరు సార్. నూటికి నూరు శాతమూ పర్యాటకులే."

డైరెక్టరుగారు ఆగిపోయారు. "ఒక్కరు కూడానా? మరి ఇక్కడ తినడానికి ఏం దొరుకుతుంది?"

ఏసోబు పంటు మీంచే కేక వేశాడు. "రత్నమక్క అట్లుండేవండి! రెండో అట్టు తినకుండా ఎవరూ పంటెక్కేవోరు కాదండి! ఇప్పుడావిడ టూరిస్టయిపోయిందండి, ఆయ్!"

డైరెక్టరుగారు బాధగా తల ఊపారు. స్థానికత లేని పర్యాటకం ఉప్పు లేని పప్పు లాంటిదని అక్కడే ఉపన్యాసం ఇచ్చారు. చల్లటి దేశంలో తాము చూసినప్పుడు రేవు దగ్గర ఒక స్థానిక వంటశాల ఉందని, అది వందల ఏళ్ళుగా అంగుళం కూడా కదలలేదని, దాన్ని చూడడానికే చక్రాల ఇళ్ళు వచ్చేవని చెప్పారు. పీతలరేవుకు అలాంటిది వెంటనే ఉండి తీరాలన్నారు. బిరుదు మాటే మరిచి, వెనక్కి పంటెక్కి, వేరే ఊళ్ళో భోజనం చేయడానికి వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పరాంకుశంగారు దాన్ని రేవులో నిలబడి చదివారు.

"విహార వనమునందు రేవునకు అభిముఖముగా ఒక అచ్చమైన స్థానిక పాక నెలకొల్పవలెను. తాటి గుంజలు నాలుగు. తాటాకు కప్పు. మట్టిపొయ్యి. అట్లు వేయుటలో నేర్పు గల ఒక స్త్రీ. సహజత్వము కొరకు మంచముతో సహా ఒక వృద్ధురాలు. సదరు పాక ముమ్మాటికి శాశ్వతమై యుండవలెను. చక్రములు కఠినముగా నిషేధించడమైనది."

చదవడం అయ్యాక ఆయన తలెత్తి చూశారు. ఎదురుగా నూకరత్నం పాక ఉంది. పాకలోంచి పోలమ్మ ఆయన వైపే చూస్తోంది.

"మంచంతో సహా ముసల్ది కావాలా బాబూ?"

ఒక్కటే చిక్కు వచ్చింది. ఆ స్త్రీ స్థానికురాలై ఉండాలి. పరాంకుశంగారి లెక్కల ప్రకారం నూకరత్నం పొరుగు జిల్లా నుంచి వచ్చే పర్యాటకురాలు, అందులోనూ అందరికంటే ఎక్కువసార్లు వచ్చిన మనిషి. ఊళ్ళో మిగతా వాళ్ళ సంగతీ అంతే. స్థానికురాలు కావలెనని ప్రకటన వేస్తే ఒక్క మనిషీ రాలేదు. చివరికి ఆయనే దారి కనిపెట్టారు. ఖాళీగా ఉన్న ఉద్యోగంలో శాశ్వత మనిషి దొరికేదాకా ఇంకొకరికి అదనపు బాధ్యతలు అప్పజెప్పడం ఆయన సంస్థలో మామూలే. నూకరత్నాన్ని ఇన్‌చార్జి స్థానికురాలిగా నియమించారు.

కప్పు ఎత్తిన మగాళ్ళే మళ్ళీ వచ్చి ఎత్తారు. పోలమ్మ ఈసారి కూడా దిగలేదు. టైరు బండి ఏసోబు బావమరిది దొడ్లోకి తిరిగి వెళ్ళింది. గుంజలు పాత గుంతల్లోనే పాతారు. మొదటి నోటీసు అంటించిన గుంజకే కొత్త బోర్డు కొట్టారు. 'శాశ్వత నిర్మాణము. కదిలించరాదు.' నూకరత్నం ఆ సాయంత్రం పిండి గిన్నె నిండా రుబ్బింది.

పంటు దిగినవాళ్ళు తిన్నారు. ఎక్కేవాళ్ళు తిన్నారు. రోజులు గడిచే కొద్దీ పెనం ఎప్పటిలా నల్లగా మెరిసింది. మిగతా ఊరు చక్రాల మీద అలాగే వెళుతూ వస్తూ ఉంది. వెళ్ళేముందు ఒక అట్టు, వచ్చాక ఒక అట్టు.

కార్తీక మాసం వచ్చింది. దానితో పాటు గాలీ వచ్చింది. పెద్ద తుఫాను కూడా కాదు, దారిన పోయే గాలి. మధ్యాహ్నం వేళ సరుగుడు చెట్లన్నీ ఒక్కసారి ఊగాయి. చక్రాల ఇళ్ళను తాళ్ళతో చెట్లకు కట్టేసుకున్నారు కనుక అవి నిలిచాయి. కదలకూడని పాక కప్పు మాత్రం పైకి లేచి, ఓ క్షణం ఆలోచించినట్టు అక్కడే ఆగి, పాయలో పడింది. పడి, అలవాటైన దారే కనుక తిన్నగా కొత్తలంక వైపు తేలుకుంటూ పోయింది.

గాలి తగ్గాక పరాంకుశంగారు పరుగున వచ్చారు. నాలుగు గుంజల మధ్య ఆకాశం కింద నూకరత్నం పొయ్యి రాజేస్తోంది. పోలమ్మ టోపీ పెట్టుకుని మంచం మీద పడుకుని మబ్బుల్ని చూస్తోంది. బోర్డు మాత్రం గుంజకే ఉంది.

"అమ్మా! ఎంత పని జరిగినది! ప్రభుత్వ శాశ్వత నిర్మాణము అనుమతి లేకుండా జిల్లా దాటినది! ఇన్‌చార్జి తమరు. సంజాయిషీ ఇవ్వవలెను. అది ఎక్కడికి పోయినది, ఎందుకు పోయినది, ఎప్పుడు వచ్చును? పైవారికి నేనేమని రాయను?"

నూకరత్నానికి జాలేసింది. అత్తగారి వైపు తిరిగింది.

"ఏటని రాయమంటావత్తా?"

"రాయడానికేవుందే! మూడు నిద్రలు సేసొత్తాదని రాయమను" అంది పోలమ్మ.

పరాంకుశంగారు వేళ్ళ మీద లెక్కపెట్టారు. మూడు రాత్రుల బస. పొరుగు జిల్లా. పునఃప్రవేశము. ఆయన ముఖంలోకి నెమ్మదిగా రక్తం తిరిగొచ్చింది. అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయి.

మూడు నిద్రలయ్యాక, ఆ పొద్దున్నే పంటు వచ్చింది. గేదెల పక్కన, పసుపు రాసి బొట్లు పెట్టిన తాటాకు కప్పు గంభీరంగా నిలబడి ఉంది. రేవులో పరాంకుశంగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఆయన ముందుకొచ్చి, "పొరుగు జిల్లా పర్యాటకులకు సుస్వాగతం" అని, కప్పు కొసకు ఒక టోపీ తగిలించారు. బొండం ఎవరికివ్వాలో తెలియక కాసేపు తటపటాయించి పోలమ్మకు ఇచ్చారు.

కప్పును గుంజల మీదకు ఎక్కించాక నూకరత్నం కట్టుబాటు ప్రకారం అందరికీ అట్లు ఊరికే వేసింది. పంటు ఇంకా నిండలేదు. పరాంకుశంగారు రెండో అట్టు కూడా తిన్నారు.